రోమ్‌లో పియాజ్జా నవోనా కింద ఏముంది?

బెజవాడ_బాటసారి:
పోయిన నెల అమ్మానాన్నలతో రోమ్ వెళ్లాం. నాన్నగారు రిటైరైన సర్వేయరు, 35 ఏళ్లు పొలాల్లో గొలుసు లాగిన మనిషి. పియాజ్జా నవోనా అనే పెద్ద చౌకులో అందరం ఫౌంటెన్ల దగ్గర ఫొటోలు దిగుతుంటే, ఆయన ఈ చివర నుంచి ఆ చివరికి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచారు. "రెండు పక్కలా ఇళ్లు తాడు పట్టినట్టున్నాయి. ఉత్తరం కొన మాత్రం గుండ్రంగా తిరిగింది. ఇది ఊరు పెరుగుతూ దానంతటదే ఏర్పడ్డ జాగా కాదురా, కింద ఏదో ఉంది" అన్నారు. ఇంటికొచ్చాక కూడా అదే మాట. నిజంగా ఏమన్నా ఉందా?

రోమ్‌లో_రెండేళ్లు:
మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి. సరిగ్గా పట్టుకున్నారు. కింద ఉన్నది స్టేడియం. క్రీ.శ. 86 ప్రాంతంలో డొమీషియన్ చక్రవర్తి పరుగు పందేలకు, కుస్తీలకు కట్టించాడు. ఆటలు ఆగిపోయాక, జనం కూర్చునే మెట్లను మోసిన గోడలనే పునాదులు చేసుకుని ఇళ్లు లేపారు. మధ్యలో మైదానం ఖాళీగా మిగిలింది. మీరు ఫొటోలు దిగింది అందులోనే. ఉత్తరం కొన వంపు స్టేడియం వంపే. పోటీలను 'అగోనెస్' అనేవారు. 'ఇన్ అగోనె' (పోటీల్లో) అన్న మాట జనం నోళ్లలో నలిగి నలిగి 'నవోనా' అయింది.

నేను చదువుకునే రోజుల్లో కూరగాయల సంచీతో ఆ ఉత్తరం కొన వెనక నుంచే గదికి వెళ్లేవాణ్ని. టోర్ సాంగ్వీన్యా అంటారు. ఒకరోజు ఫుట్‌పాత్ పక్క నుంచి కిందికి చూస్తే పెద్ద రాతి కమాను! స్టేడియం ద్వారం అది. దాని నెత్తిన మామూలు బిల్డింగు, కిటికీలు. సంచీ కింద పెట్టి చాలాసేపు నిలబడిపోయాను. పాత నేల ఇప్పటి రోడ్డుకు నాలుగున్నర మీటర్ల లోతున ఉంది. టికెట్ తీసుకుని దిగొచ్చు.

పాతగోడలు:
ఒక్క మాట. అక్కడ రథాల పందేలు జరిగేవని చాలామంది అనుకుంటారు, అది తప్పు. వాటికి సర్కస్ మాక్సిమస్ అనే మైదానం వేరే ఉంది. ఈసారి వెళ్తే దగ్గర్లోనే గ్రొత్తా పింతా వీధి కూడా చూడండి. ఇళ్లన్నీ వంపు తిరిగి ఉంటాయి. కింద క్రీ.పూ. 55 నాటి, పాంపే అనే రోమన్ సేనాని కట్టించిన నాటకశాల ఉంది.

బెజవాడ_బాటసారి:
నాన్నగారికి మొత్తం చదివి వినిపించాను. "అయితే నేను నడిచింది పరుగుపందెం నేల మీదేనా?" అని రెండుసార్లు అడిగారు. తర్వాత తన నోట్‌బుక్ తీసి, అక్కడ గీసుకున్న కొలతల బొమ్మలో ఉత్తరం కొన దగ్గర 'కమాను' అని రాసుకున్నారు.