కడుపు నొప్పికి నోటుపుస్తకం: రాయాలా, వద్దా?

రాయగడ టీచరు:
నాలుగు నెలలుగా కడుపు ఉబ్బరం, మెలిపెట్టే నొప్పి. ఏం తిన్నానో, నొప్పి ఎప్పుడు వచ్చిందో రెండు వారాలపాటు రాసి తెమ్మన్నారు డాక్టరు. మా ఆయనేమో "రోగాన్ని రోజంతా తలచుకుంటే లేనిది కూడా వస్తుంది" అంటున్నారు. రాసి చూసినవాళ్లు చెప్పండి, పనికొచ్చిందా?

పర్లాకిమిడి బట్టల కొట్టు:
మీ ఆయన మాట కొట్టిపారేయకండి టీచరు గారూ. మా చెల్లెలు రాసింది. పప్పు తిన్న రోజు నొప్పి వచ్చిందని పప్పు మానేసింది. తర్వాత పాలు, వంకాయ, గోధుమ రొట్టె. మూడో నెలకు కంచంలో అన్నం, మజ్జిగ మిగిలాయి. రథయాత్ర రోజు ఇంటిల్లిపాదీ పప్పూ కూరగాయలూ కలిపి వండిన దాల్మా తింటుంటే, తను ఓ మూల కూర్చుని పుస్తకం తిరగేస్తోంది. ఐదు కిలోలు తగ్గింది. "బరువు జబ్బు వల్ల తగ్గిందా, పుస్తకం వల్ల తగ్గిందా?" అని డాక్టరే అడిగారు.

గుణుపురం, పాత మందుల షాపు:
అయ్యా, తప్పు రాయడంలో లేదు, రాసింది చూసి తనే తీర్పు చెప్పుకోవడంలో ఉంది. పాలు పడనివారికి సాధారణంగా అరగంట నుంచి రెండు గంటల్లో తెలుస్తుంది. శనగలు, రాజ్మా పెద్దపేగు దాకా వెళ్లి గాలి పుట్టించడానికి కొన్ని గంటలు కావాలి. తిన్నది పూర్తిగా బయటికి రావడానికి ఒకటి నుంచి మూడు రోజులు పట్టవచ్చు. పొద్దున కడుపు చెడితే రాత్రి కూరనే తిట్టడం అన్నిసార్లూ న్యాయం కాదు. మెల్బోర్న్‌లోని మోనాష్ విశ్వవిద్యాలయం వారి ఫాడ్‌మ్యాప్ పథ్యంలో (పేగుల్లో పులిసి గాలి పుట్టించే పిండిపదార్థాలు తగ్గించే పథ్యం) కూడా కొన్ని పదార్థాలు ఆపేది 2 నుంచి 6 వారాలే. ఆ తర్వాత ఒక్కొక్కటీ మళ్లీ తినిపించి చూస్తారు. మీ చెల్లెలు ఆపడమే చేసింది, తిరిగి తినలేదు.

మా అన్నయ్య సంగతి వినండి. పుస్తకంలో ఏడు గంటలకు చద్దన్నం, ఉల్లిపాయ, బడి చూరా (వడియాలు నలిపి చేసేది). పదకొండుకు గుండెల్లో మంట. రోజూ అదే వరుస. ఇంట్లో అందరూ చద్దన్నం పులుపును దోషిని చేశారు. పక్కన కూర్చుని గుచ్చి గుచ్చి అడిగితే బయటపడింది: మోకాళ్లకు ఆరు నెలలుగా నొప్పి మాత్ర, అదీ పరగడుపున! "మాత్ర తిండి కాదు కదా తమ్ముడూ, అందుకే రాయలేదు" అన్నాడు. డాక్టరు మాత్ర మార్చాక మంట తగ్గింది. చద్దన్నం మళ్లీ మొదలైంది.

కాబట్టి టీచరు గారూ, మాత్రలకు ఒక గడి, నిద్రకు ఒక గడి తప్పక పెట్టండి.

జయపురం:
నేను తెలుగులో రాసుకున్నాను, డాక్టరు గారికి ఒడియా తప్ప రాదు. ముప్పై పేజీలు పక్కన పెట్టి అంకెలు చూపించమన్నారు. నొప్పి పదికి ఎంత, విరేచనం ఏ రకం అని. బ్రిస్టల్ పట్టికలో ఏడు బొమ్మలుంటాయి: ఒకటి గట్టి ఉండలు, ఏడు ఉత్త నీళ్లు. ఆ అంకె వేస్తే కోరాపుట్‌లోనైనా విశాఖలోనైనా ఒకటే అర్థం. వర్ణించే సిగ్గూ తప్పుతుంది.

పర్లాకిమిడి బట్టల కొట్టు:
రెండు వారాలకే ఆపాలని మా చెల్లెలికి ఎవరూ చెప్పలేదు. అది ఒప్పుకుంటాను. అయినా ప్రతిదానికీ బెంగపడే మనిషి చేతికి పుస్తకం ఇవ్వకూడదనే అంటాను. ఇంట్లో ఇంకొకరు రాసిపెడితే మేలు.

గుణుపురం, పాత మందుల షాపు:
అదీ సరే. ఒక్కటి మాత్రం: మలంలో రక్తం, నల్లటి మలం, కారణం లేకుండా బరువు తగ్గడం, నిద్రలోంచి లేపే నొప్పి, వీటిలో ఏదున్నా పుస్తకం నిండేదాకా ఆగవద్దు. ఐరన్ మాత్రలకు కూడా మలం నల్లబడుతుంది, అందుకే మాత్రల గడి అన్నది.

రాయగడ టీచరు:
ఈ రోజే మొదలుపెట్టాను. ఆరున్నర, పాల టీ. ఏడుంబావు, పాల టీ. తొమ్మిది, స్టాఫ్ రూములో పాల టీ. సాయంత్రానికి ఆరు అయ్యాయి. రెండే తాగుతానని డాక్టరుకు చెప్పి వచ్చాను.