అప్‌డేట్: నేపాల్ జిల్లాల వారీ మరణాల లెక్క కుదిరింది

నేపాల్ మావోయిస్టు యుద్ధం (1996–2006) మీద పీహెచ్‌డీ ప్రతిపాదన కోసం ఉప్సలా డేటాను (స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయం సేకరించే హింసాత్మక ఘటనల పట్టికను) జిల్లాల వారీగా ఎలా కూడాలని ఆమధ్య అడిగాను. చిక్కు రెండు చోట్ల ఉంది.

మొదటిది పటం. యుద్ధకాలంలో జిల్లాలు 75. ఇప్పటి పటంలో 77. విడిపోయినవి నవల్‌పరాసీ, రుకుం. రుకుం ఉద్యమానికి గుండెకాయ, దాని తూర్పు ముక్క లుంబినీ ప్రావిన్సులో, పశ్చిమ ముక్క కర్ణాలీ ప్రావిన్సులో పడ్డాయి. ముక్కలు కలిపి పాత హద్దులు తెచ్చుకున్నాకే లెక్క మొదలెట్టాలి.

రెండోది, డేటాలో ప్రతి ఘటన పక్కన ఉండే, స్థలం ఎంత కచ్చితమో చెప్పే అంకె. 1 అంటే సరిగ్గా ఆ చోటే, 2 అంటే దాదాపు 25 కిలోమీటర్ల లోపు, 3 అంటే జిల్లా వరకే తెలుసు. 4, ఆ పైన ఉన్న వరుసల్లో జిల్లా తెలియదు. పటం మీద ఆ ఘటనకు పెట్టిన బిందువు మాత్రం ఏదో ఒక జిల్లాలో పడి, జరగని హింసను దాని ఖాతాలో వేస్తుంది. ఆ వరుసలను తీసేసి ఒకసారి, ఉంచి ఒకసారి లెక్క నడపండి. రెండూ ప్రతిపాదనలో చూపండి.

మరణాలకు ‘బెస్ట్’ (అత్యంత నమ్మదగిన) అంచనాతో పాటు ‘లో’ (కనిష్ఠ), ‘హై’ (గరిష్ఠ) అంచనాలూ వాడాలి. కనీసం ఒక్క మరణం ఉంటేనే ఘటన నమోదవుతుంది. అపహరణలు, చిత్రహింసలు ఇందులో కనబడవు. కాబట్టి సున్నా ఉన్న జిల్లాను ‘ప్రశాంతం’ అని దయచేసి రాయకండి.