పసుపు కార్డుల లెక్కతో జట్టును ఇంటికి పంపడం సబబేనా? నియమాలు తెలిసినవారు చెప్పండి

నమస్కారం. పాఠశాల జట్టులో ఫుట్‌బాల్ ఆడే మా అమ్మాయి అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మీ సాయం కావాలి.

2018 ప్రపంచ కప్ గ్రూపు హెచ్‌లో జపాన్, సెనెగల్ చెరో 4 పాయింట్లతో నిలిచాయి. రెండూ 4 గోల్స్ చేశాయి, 4 ఇచ్చాయి. వాటి మధ్య మ్యాచ్ కూడా 2-2తో సమమే. చివరికి పసుపు కార్డులు (తప్పు చేసిన ఆటగాళ్లకు రిఫరీ చూపే హెచ్చరికలు) లెక్కపెట్టారు. జపాన్‌కు 4, సెనెగల్‌కు 6. అంతే, తక్కువ కార్డులున్న జపాన్ గ్రూపులో రెండో స్థానంతో ముందుకు వెళ్లింది, సెనెగల్ ఇంటిదారి పట్టింది.

నన్ను ఎక్కువగా బాధించింది వోల్గోగ్రాడ్‌లో జపాన్ ఆట. పోలాండ్ చేతిలో 0-1తో ఓడిపోతూ కూడా మరో గోల్ గానీ కార్డు గానీ పడకుండా చివరి నిమిషాల్లో బంతిని తమలో తామే అందించుకుంటూ గడిపేశారు. అవతల కొలంబియాపై సెనెగల్ ఒక్క గోల్ చేసి ఉంటే జపానే నిష్క్రమించేది!

కార్డులు కూడా సమానమై ఉంటే ఇక చీటీలు తీయడమేనట. రెండో స్థానం కోసం మరో మ్యాచ్ ఆడించడానికి, కనీసం పెనాల్టీలు వేయించడానికి అడ్డేమిటి? యూరో (ఐరోపా దేశాల కప్) పోటీల్లో ముఖాముఖి ఫలితాన్ని ముందు చూస్తారు, 2018 ప్రపంచ కప్‌లో మాత్రం మొత్తం గోల్స్ తేడాను ముందు చూశారు. ఈ తేడాకు కారణం ఏమిటి? రిఫరీలుగా, శిక్షకులుగా పనిచేసినవారు వివరిస్తే మా అమ్మాయికి చదివి వినిపిస్తాను.