సామెతల ప్యాకేజీలోకి గీతా శ్లోకాలు: విలీనం చెయ్యాలా, వద్దా?

గోదారిగట్టు అడిగిన ప్రశ్న

టెర్మినల్ (కమాండ్లు టైపు చేసే కిటికీ) తెరవగానే ఒక తెలుగు సామెత చూపించే చిన్న ప్యాకేజీ ఇది. లోపల ఉన్నది 300 సామెతల ఫార్చూన్ ఫైలు (ఫైల్లోంచి ఏదో ఒక ముక్క తీసి చూపించే ప్రోగ్రాం ఫార్చూన్), లైసెన్సు ఎంఐటీ, అంటే ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. భగవద్గీత 700 శ్లోకాలు తాత్పర్యంతో సహా కలపమని ఒక పుల్ రిక్వెస్ట్ వచ్చింది. దాని కిందే ఇంకొకరు "అయితే బైబిల్ వచనాలు పంపితే తీసుకుంటారా?" అని అడిగారు. మూడో ఆయన అసలు మతం ఊసే వద్దంటున్నారు. ఏ పద్ధతి పెట్టుకుంటే ఈ పేచీ మళ్లీ రాకుండా ఉంటుంది?

టెర్మినల్_తాత

"మతం ఊసే వద్దు" అని రాసుకుంటే ముందు మీ సామెతలకే ఎసరు. "రామేశ్వరం వెళ్లినా శనేశ్వరం వదల్లేదు", "దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు", "రామాయణంలో పిడకల వేట": వీటిని ఏం చేస్తారు? కాబట్టి ఆ నియమం నిలబడదు.

అలాగని ఉన్న ఫైల్లోనే కలపొద్దు. ఫార్చూన్ మామూలుగా ఏ ఫైల్లో ఎన్ని ఖండికలు (విడి ముక్కలు) ఉన్నాయో దాన్నిబట్టి వాటా ఇస్తుంది. 300 సామెతల పక్కన 700 శ్లోకాలు చేరితే పదిసార్లలో ఏడుసార్లు శ్లోకమే వస్తుంది. సామెతల కోసం వేసుకున్నవాడికి అది వేరే ప్యాకేజీ అయిపోయినట్టే. విడి ఫైలుగా పెట్టినా, రెండూ ఒకే డైరెక్టరీలో ఉంటే లెక్క ఇదే.

శ్లోకాలకు వేరే ప్యాకేజీ చెయ్యండి. ఖండికకూ ఖండికకూ మధ్య ఒక వరుసలో % మాత్రమే ఉండాలి, ఆ వరుస చివర స్పేస్ పడితే రెండు శ్లోకాలు అతుక్కుపోతాయి. తర్వాత ఫార్చూన్‌తో వచ్చే స్టర్‌ఫైల్ అనే ప్రోగ్రాం నడిపి సూచిక ఫైలు తయారుచేసుకోవాలి. రెండూ కావాలనుకున్నవాళ్లు "90% సామెతలు, 10% గీత" అని కమాండ్‌లోనే వాటాలు ఇచ్చుకోవచ్చు.

ఇంకో చిక్కు: పొట్టివి మాత్రమే చూపించే ఆప్షన్ హద్దు 160. ఆ కొలత అక్షరాల్లో కాదు, బైట్లలో. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోదానికి 3 బైట్లు, ఒత్తుకూ గుణింతానికీ విడివిడిగా లెక్క. 32 అక్షరాల అనుష్టుప్పు శ్లోకం కూడా ఆ హద్దు దాటిపోతుంది. "శ్లోకాలు రావట్లేదు" అని బగ్ వస్తే ముందు ఇదే చూడండి.

పాతప్రతి

విలీనం సంగతి తర్వాత, ముందు ఆ తాత్పర్యం ఎవరిదో అడగండి. మూల సంస్కృతానికి హక్కుల గొడవ లేదు. తెలుగు తాత్పర్యానికి ఉంటుంది: మన దేశంలో రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. అంటే 1964లో పోయినవారి రచనకు 2025 జనవరి నుంచే స్వేచ్ఛ. "నెట్‌లో దొరికింది" అన్నది జవాబు కాదు. బైబిల్ కొత్త అనువాదాలకూ ఇదే లెక్క. ఖురాన్‌ది వేరే తిరకాసు. ఖురాన్‌ను నెట్‌లో అందించే తంజీల్ వారి అరబీ పాఠం ఎవరైనా పంచొచ్చు కానీ అక్షరం మార్చకూడదన్నది వారి షరతు. మార్పుకు అనుమతి ఉండాలనే డెబియన్ (ఒక లినక్స్ పంపిణీ) మార్గదర్శకాలకు అది కుదరదు. షరతు పెట్టడంలో వారి భయం అర్థమవుతుంది, అయినా మీరు దాన్ని ఎంఐటీ అని రాసి పంచలేరు.

పాఠశుద్ధి కూడా చూడండి. యూనికోడ్ కాని అను ఫాంట్ల నుంచి మార్చినదైతే తప్పులుండకపోతేనే ఆశ్చర్యం. సున్నా "ం" ఉండాల్సిన చోట తెలుగు అంకె "౦" పడుతుంది, విసర్గ "ః" బదులు కోలన్ పడి "దుఃఖం" కాస్తా "దు:ఖం" అవుతుంది. కంటికి ఆనవు, సరైన మాట టైపు చేసి వెతికితే ఆ పదం దొరకదు. "౦" కోసం ఒకసారి, తెలుగు అక్షరం వెంట వచ్చే కోలన్ కోసం ఒకసారి గ్రెప్ (ఫైల్లో వెతికే కమాండ్) కొట్టండి. వికీసోర్స్‌లో ఆకుపచ్చ గుర్తున్న పేజీలైతే ఇద్దరు సరిచూసినవి, వాటితో పోల్చుకోవచ్చు.

గోదారిగట్టు

వేరే ప్యాకేజీ ఎందుకు, ఫార్చూన్‌లో అభ్యంతరకరమైనవాటికి విడిగా ఒక డైరెక్టరీ ఉందిగా. అడిగితే తప్ప చూపించదు. అందులో పడేస్తే?

టెర్మినల్_తాత

అయ్యో, ఆ పని మాత్రం చెయ్యకండి! బూతు జోకుల అరలో ఒకరి గ్రంథం పెడితే ఇప్పుడు పేచీ పడుతున్న ముగ్గురు కాస్తా ముప్పైమంది అవుతారు.

నడిమిఇల్లు

ఈమాక్స్ అనే ఎడిటర్‌లోని క్యాలెండర్ చూడండి. క్రైస్తవ, యూదు, ఇస్లాం, బహాయి పండుగలు అన్నీ దాంతోనే వస్తాయి, కానీ ఒక్కో మతానికి ఒక్కో వేరియబుల్ (సెట్టింగు). వద్దనుకున్నది నిల్ (ఖాళీ) చేస్తే ఆ జాబితా మాయం. అక్కడ మతం సమాచారం, ఎవరినీ ఏదీ ఒప్పుకోమనదు.

ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ ప్రాజెక్టులో 2018లో గొడవైంది, ఒప్పుకోమన్నట్టు కనిపించినందుకే. కోడ్ ఆఫ్ కాండక్ట్ (ప్రవర్తనా నియమాలు) అన్న పేరుతో, క్రైస్తవ సన్యాసుల కోసం రాసిన సెయింట్ బెనెడిక్ట్ నియమావళి పెట్టారు. దైవభక్తితో మొదలయ్యే జాబితా అది. చివరికి దాన్ని నీతి నియమావళిగా పేరు మార్చి, ప్రవర్తనకు ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లావారి మార్గదర్శకాలు తీసుకున్నారు. అదే ఎస్‌క్యూలైట్ సోర్స్ ఫైళ్ల తలమీద లైసెన్సుకు బదులు ఒక చిన్న ఆశీర్వచనం ఉంటుంది, దాని జోలికి పెద్దగా ఎవరూ పోలేదు.

కాంట్రిబ్యూటింగ్ ఫైల్లో (మార్పులు పంపేవారికి నియమాలు చెప్పేది) మూడు వాక్యాలు చాలు: "గ్రంథం ఏదైనా విడి ప్యాకేజీగానే. పాఠం ఎక్కడిదో, హక్కులు ఎవరివో పంపినవారే రాయాలి. తప్పులు దిద్దే బాధ్యత కనీసం ఒకరు పేరుపెట్టి ఒప్పుకోవాలి." మూడోది మరిచిపోకండి. 700 శ్లోకాలు పంపి మాయమైతే, పాఠభేదాల మీద వచ్చే బగ్గులన్నీ మీ నెత్తినే పడతాయి. గీతలోనే కొన్ని ప్రతుల్లో 700, కొన్నింటిలో 701. ఏ ప్రతి అనుసరించారో రీడ్‌మీలో మొదటి వరుసలోనే రాయించండి.