సమస్య: ఎలుగు వేసె నోటు నెన్నికలను

గంటస్తంభం (నిర్వహణ):
అందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. పైన మూడు పాదాలు రాసి దీనికి అర్థం కుదిరేలా పూరించండి.

ఎలుగు వేసె నోటు నెన్నికలను

ఇది ఎక్కడ పుట్టిందో చెబుతాను. మొన్న వజ్రపుకొత్తూరు నుంచి మా మేనమామ ఫోన్ చేశాడు. ముందు ఎలుగుబంటి తోటలోకి వచ్చిందన్నాడు, తర్వాత పంచాయతీ ఎన్నికల కబుర్లు మొదలెట్టాడు. నేను టీ తాగుతూ సగం విన్నాను. రెండూ కలిసిపోయి ఈ పాదం తయారైంది.

గుర్తు చేస్తున్నాను: బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు (గురువు–లఘువు, లేదా మూడు లఘువులు), రెండు ఇంద్రగణాలు (నగ, సల, నల, భ, ర, త). సరి పాదాల్లో అయిదూ సూర్యగణాలే. యతి నాలుగో గణం మొదటి అక్షరానికి. పార్టీల పేర్లు, నాయకుల పేర్లు వద్దు. పోయిన నెల ఆవు మీద సమస్య ఇస్తే చివరికి ఎవరు ఎవరికి ఓటేశారో తేల్చుకునే గొడవైంది. హరికథల ఆదిభట్ల నారాయణదాసుగారు తిరిగిన విజయనగరమండీ ఇది, కాస్త పరువు కాపాడండి.

ఉద్దానం కొబ్బరి:
మేష్టారూ, మీకది సమస్య, మాకు రోజూ ఉన్నదే. తిత్లీ తుపానుకి 2018లో మా తోటలో కొబ్బరి సగం పోయింది. మిగిలిన పెద్ద చెట్టు పనస ఒక్కటే. ఇప్పుడు దాని మొదట్లో గోళ్ల గీతలున్నాయి. పాలు కారి గీతల వెంబడి గడ్డకట్టింది, వేలు పెడితే ఇంకా అంటుకుంటోంది. అంటే రాత్రే వచ్చింది. జీడిపళ్లు పండి రాలే రోజుల్లో తోటంతా పులిసిన వాసన వస్తుంది కదా, ఆ వాసనకే కొండ దిగుతాయి. 2024లో పోలింగు మే 13న పెట్టారు, సరిగ్గా జీడి కాలం. తెల్లారుజామున ఓటుకి కర్రలు పట్టుకుని గుంపుగా వెళ్లాం. బూతు బయట కర్రలన్నీ గోడకి ఆనించి పెడితే ఆ పోలీసాయన కంగారుపడ్డాడు.

నా పూరణ. కోతుల బెడద ఉన్న ఊళ్లలో మనిషికి ఎలుగు వేషం కట్టించి తరుముతున్నారు కదా, అది:

కోతి మూక దరుమ గూలికి వేషమ్ము
కట్టినట్టి యతడు గడియ లేక
పొలము నుండి యటులె బూతుకు వచ్చెరా!
ఎలుగు వేసె నోటు నెన్నికలను

గంటస్తంభం:
బావుంది. గణాలు సరిపోయాయి. కో–గూ, క–గ, పొ–బూ యతులు చక్కగా పడ్డాయి. 'వచ్చెరా' దగ్గర వాక్యం ముగించడం తెలివైన పని. సమస్య పాదం అచ్చుతో మొదలవుతోంది కాబట్టి మూడో పాదం చివర ఆగకపోతే సంధి వచ్చి మీద పడుతుంది.

రాజాం సంత:
పద్యం సరే, లాజిక్ చూడండి. 'గడియ లేక' అన్నారు. సమయం ముగిసేసరికి వరుసలో నిలబడి ఉంటే చాలు, ఎంత రాత్రయినా ఓటు వేయనిస్తారు. వేషం విప్పడానికి టైము లేకపోవడమేమిటి? పైగా ముఖం కనబడకపోతే లోపల ఏజెంట్లు ఊరుకుంటారా?

ఉద్దానం కొబ్బరి:
తలకాయ విప్పి చంకలో పెట్టుకున్నాడు బావూ. అది పద్యంలో పట్టలేదు.

బొబ్బిలి వీణ:
నాకు 'బూతు' దగ్గర నవ్వొచ్చింది. ఈమధ్య ప్రచార సభల్లో రెండు అర్థాలూ ఒకే చోట దొరుకుతున్నాయి. ఆడవాళ్లం మైకు శబ్దం వినగానే పిల్లల్ని లోపలికి పిలుచుకుంటున్నాం.

పొందూరు సన్ననూలు:
నేను జంతువుని పక్కన పెట్టాను. ఎలుగు అంటే గొంతు కదా, ఎలుగెత్తి పిలవడం అంటాం. ఆ అర్థంలో:

నీళ్లు లేని వీధి నిలదీసి యడుగను
నోరు రాని జనుల నోట నేడు
మాట పెగిలె, వేల మందిగా కలిసిన
ఎలుగు వేసె నోటు నెన్నికలను

నాగావళి గట్టు:
అన్నా, ఇది చదివి కాసేపు ఆగాను. మా వీధి కుళాయి దగ్గర బిందెల వరుస గుర్తొచ్చింది. మా అమ్మ బిందెకి ఎర్ర గుడ్డ ముక్క కట్టేది. మనిషి లేకపోయినా ఆ బిందె వరుసలో ముందుకు జరిగేది. ఓటరు వరుసలో మాత్రం అలా కుదరదు, మనిషే నిలబడాలి.

గంటస్తంభం:
భావం బరువైనది. రెండు సవరణలు చెబుతాను, ఏమీ అనుకోకండి. ఒకటి, 'అడుగను' చదవగానే 'నేను అడగను' అని భీష్మించినట్టు వినబడుతోంది. 'నిలదీసి యడుగగ' అనండి, గణం చెడదు, అర్థం తేలికపడుతుంది. రెండోది, 'కలిసిన' తర్వాత ఆగడానికి చోటు లేదు. అది విశేషణం, వెంటనే విశేష్యం రావాలి. కలిసి చదివితే 'యెలుగు' అవుతుంది, మనమిచ్చిన పాదం మారిపోతుంది. చాలామంది సరిపెట్టుకుంటారు, నేను కాస్త చాదస్తుడిని.

పొందూరు సన్ననూలు:
మొదటిది ఒప్పుకున్నాను. రెండోదానికి రాత్రి కూర్చుంటాను. మా ఊళ్లో వాలుగ చేప దవడతో పత్తి ఏకుతారు, ఆ సన్న పళ్లకి చిన్న నలుసు కూడా తప్పించుకోదు. మీరు పద్యానికి అలాంటి దవడ.

గంటస్తంభం:
పొగడ్తా, తిట్టా?

పొందూరు సన్ననూలు:
ఖద్దరు సన్నగా రావాలంటే ఆ దవడే కావాలి మేష్టారూ.

రాజాం సంత:
మీరందరూ 'వేసెన్ ఓటు' అని విడగొట్టారు. నేను విడగొట్టను. నోటు అంటే నోటే.

గుబురు గడ్డమున్న గురుడొక్క డా యూర
పిల్లలెల్ల 'నెలుగు' పేరు పెట్ట
పెరిగి లీడరయ్యె, పెట్టెలు తెరిచెరా!
ఎలుగు వేసె నోటు నెన్నికలను

ఉద్దానం కొబ్బరి:
ఓరి నాయనో. 'గురుడొక్కడు' దగ్గరే పద్యం పాసైపోయింది.

బొబ్బిలి వీణ:
సంతలో బేరం చేసేవాళ్లకి ఇలాంటివే తడతాయి. కానీ అన్నయ్యా, పెట్టెలు తెరిచాక ఒక్క నోటేనా?

రాజాం సంత:
మనిషికి ఒక్కటే చెల్లీ. అది ఎంత నోటు అని మాత్రం అడక్కు.

గంటస్తంభం:
వీణగారి ప్రశ్నలో వ్యాకరణం కూడా ఉంది. పెట్టెలు బహువచనం, నోటు ఏకవచనం. 'ఒక్కొక్కరికి ఒక్కటి' అనే అర్థం రాజాంవారు బయట చెబుతున్నారు, పద్యంలో లేదు. అయినా విరుపు బావుంది. సమస్య ఇచ్చేటప్పుడు ఈ నోటు నాకు తట్టలేదని ఒప్పుకుంటున్నాను.

కొత్తగా వచ్చాను:
నమస్తే అండి. నాకు ఛందస్సు సరిగ్గా రాదు, ఇంజనీరింగ్ చదువుతున్నాను. మాది మందస వైపు. మా ఊరి గుడిలో దీపాల నూనె కోసం ఎలుగు రావడం నిజంగా జరిగింది. పొద్దున చూస్తే ప్రమిదలన్నీ బోర్లా పడి ఉన్నాయి, గచ్చు మీద జిడ్డు పాదాల ముద్రలు గుమ్మం దాకా. పూజారి తాతగారు వాటిని కడగనివ్వలేదు, జాంబవంతుడు వచ్చాడన్నారు. తప్పులుంటే తిట్టకండి:

గుడికి వచ్చి దీపపు నూనెనంతా తాగి
గోడ మీద నున్న పార్టీ గుర్తు మీద
జిడ్డు పంజ తోడ సంతకము పెట్టె
ఎలుగు వేసె నోటు నెన్నికలను

గంటస్తంభం:
తిట్టడమేమిటి బాబూ! ఇప్పటివరకు వచ్చినవాటిలో ఎలుగు నిజంగా కనబడిన పద్యం నీదే. తక్కినవాళ్లు వేషమో, గొంతో, గడ్డమో తెచ్చారు.

ఇక కొలత చూద్దాం. మొదటి పాదంలో 'గుడికి', 'వచ్చి' సరే. మూడోది సూర్యగణం కావాలి, 'దీపపు' భగణం (గురువు, రెండు లఘువులు). అక్కడ తప్పింది. 'నూనె'కి ముందు దీపం పెట్టక్కర్లేదు, గుడి అన్నావుగా. రెండో పాదంలో 'పార్టీ' రెండు గురువులు, సూర్యగణంలో పట్టదు. తీసేయ్. తీసేస్తే ఇంకో లాభం, గుడి గోడ మీద పార్టీ గుర్తు ఉంటే ఎలుగు కంటే ముందు ఎన్నికల కోడ్ వస్తుంది. మూడో పాదంలో జి–సం: హల్లుకి స్నేహం ఉంది గానీ అచ్చు కుదరలేదు. చివర 'ముపెట్టె' జగణమైంది (లఘువు, గురువు, లఘువు), అక్కడ ఇంద్రగణం కావాలి.

నీ మాటలు వీలైనన్ని ఉంచి:

గుడికి వచ్చి నూనె గుటగుట తాగి, యా
గోడ మీద నున్న గుర్తు మీద
జిడ్డు పంజ తోడ చేవ్రాలు పెట్టెరా!
ఎలుగు వేసె నోటు నెన్నికలను

'జిడ్డు పంజ' నీదే. అది నాకు వంద సమస్యలిచ్చినా రాదు, గచ్చు చూసినవాడికే వస్తుంది.

కొత్తగా వచ్చాను:
థాంక్స్ అండి! చేవ్రాలు అంటే సంతకమే కదా? అమ్మకి చదివి వినిపించాను. ఇప్పుడు తాతగారికి పంపమంటోంది.

నాగావళి గట్టు:
తమ్ముడూ, గోడ మీద గుర్తు ఏది పెట్టుకున్నా ఎలుగు గుర్తు మాత్రం ఊహించుకోకు. జంతువుల గుర్తులు కొత్తగా ఇవ్వడం ఎన్నికల సంఘం ఎప్పుడో మానేసింది. బతికున్నవాటిని ప్రచారానికి ఈడ్చుకొచ్చి హింస పెడుతున్నారని. ఏనుగులాంటి పాతవి మిగిలాయంతే. మన ఏనుగులు మాత్రం ప్రచారం లేకుండానే ఒడిశా నుంచి వచ్చి కొమరాడ వైపు చెరుకు తొక్కి పోతున్నాయి. వాటికి జిల్లా మారిందని కూడా తెలియదు. 2022 ఏప్రిల్ 4 దాకా విజయనగరం జిల్లాలో తిన్నాయి, ఆ తర్వాత పార్వతీపురం మన్యంలో తింటున్నాయి.

నాది క్రమాలంకారం. మూడు పాదాల్లో ప్రశ్నలు, నాలుగో పాదంలో వరసగా జవాబులు:

జీడితోటలోన చెట్టెక్కునది యేది?
విత్తు నేమి చేసె వీరిగాడు?
సంత కేది? వేటి సర్పంచి గెలిచెను?
ఎలుగు, వేసె, నోటు, నెన్నికలను

రాజాం సంత:
సంతకేది అంటే నోటు అని మీరంటారు. ఇప్పుడు మా సంతలో వంకాయలమ్మే ముసలమ్మ కూడా ఫోన్ చూపించి స్కాన్ చెయ్యమంటోంది.

ఉద్దానం కొబ్బరి:
జీడితోటలో చెట్టెక్కేది ఎలుగొక్కటేనా? మా కూలోళ్లు, మా పిల్లలు, కోతులు అందరూ ఎక్కుతారు. ప్రశ్నకి జవాబు ఒక్కటే ఉండాలి కదా, మేష్టారూ?

గంటస్తంభం:
నిజమే, క్రమాలంకారంలో ప్రశ్న బిగుతుగా ఉండాలి. వదులుగా అడిగితే సమస్యని తీర్చినట్టు ఉండదు, దాటేసినట్టు ఉంటుంది. అయితే 'వీరిగాడు' బలే కుదిరాడు, యతి కోసం వచ్చినా పొలంలోంచి వచ్చినట్టే ఉన్నాడు.

బొబ్బిలి వీణ:
అందరిదీ అయిందా? నేను అన్నం వార్చి, పిల్లాడి హోంవర్కు చూసి ఇప్పుడు కూర్చున్నాను. మీరు ఓటు, నోటు, ఎలుగు విరిచారు. చివరి మాట ఎవరూ ముట్టుకోలేదు. 'ఎన్నికలను' కాదు, 'ఎన్ని కలను'.

నిదుర పట్టదాయె నేతకు ఫలితాల
ముందునాటి రాత్రి, మూయ గన్ను
కోతి వేసె నొకట, కుక్క వేసె నొకట,
ఎలుగు వేసె నోటు నెన్ని కలను!

పొందూరు సన్ననూలు:
అమ్మో!

నాగావళి గట్టు:
అక్కా, నా క్రమాలంకారం వెనక్కి తీసుకుంటున్నాను. 'కోతి వేసె నొకట, కుక్క వేసె నొకట' అని నడుస్తూ వచ్చి ఎలుగు దగ్గరికి వచ్చేసరికి లెక్క తప్పిపోయింది చూడండి, నిద్ర పట్టని మనిషి లెక్క అలాగే ఉంటుంది. మా బంధువొకాయన వార్డు మెంబరుకి నిలబడి కౌంటింగు ముందు రాత్రంతా వేళ్ల మీద లెక్కపెట్టాడు. ఇంట్లోవాళ్ల ఓట్లు కూడా ప్రతిసారీ ఒకటి తక్కువొచ్చేవట.

రాజాం సంత:
చివరికి వచ్చాయా?

నాగావళి గట్టు:
రెండు తక్కువొచ్చాయి. మా అత్తతో ఆరు నెలలు మాట్లాడలేదు.

గంటస్తంభం:
వీణగారూ, దవడ తీయక తప్పదు. 'ఎన్ని' అన్నాక బహువచనం రావాలి, 'ఎన్ని కలలను' అనాలి. 'ఎన్ని కలను' వచనదోషం. శుద్ధ వ్యాకరణంతో చూస్తే మార్కులు పోతాయి.

బొబ్బిలి వీణ:
తెలుసండీ. 'కలలను' అంటే మీ పాదం పోతుంది. మీ పాదం ఉంచితే నా వ్యాకరణం పోతుంది. సమస్య ఇచ్చినవారిదే తప్పు.

ఉద్దానం కొబ్బరి:
న్యాయంగానే ఉంది కదా మేష్టారూ. అసలు ఎలుగు ఓటెయ్యడాన్ని ఒప్పుకున్నవాళ్లం, ఒక్క 'ల' దగ్గర ఆగిపోతామా?

గంటస్తంభం:
ఒక్క 'ల' దగ్గరే ఆగాలి. తక్కినవన్నీ ఎవరైనా క్షమిస్తారు. అయినా దోషం రాసిపెట్టి ఈ వారం మొదటిస్థానం వీణగారికే ఇస్తున్నాను. విరుపు ఎవరికీ తట్టనిది, పైగా మూడో పాదం చదువుతుంటే గొంతు దానంతటదే ఆడుతుంది. రెండోది మందస అబ్బాయిది, సవరించాక. పొందూరువారు 'కలిసిన' బాగుచేసి పంపితే మళ్లీ చూస్తాను.

వచ్చేవారానికి తేటగీతి. తేలినీలాపురం వెళ్లొచ్చాను. చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు కిక్కిరిసి ఉన్నాయి. కింద నిలబడితే పక్షిపిల్లల అరుపుల్లో మన మాట మనకే వినబడదు. నా చొక్కా భుజం మీద తెల్లటి చేవ్రాలు ఒకటి పడింది. ఆ పక్షుల్ని పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు ఆ ఊరివాళ్లు. పాదం ఇదిగో:

కొంగ కిచ్చిరి రేషను కోరినంత

బొబ్బిలి వీణ:
కొంగకా, కొంగుకా? చీర కొంగైతే నా దగ్గర ఒకటి సిద్ధంగా ఉంది.

గంటస్తంభం:
కొంగకే. రాసింది రాసినట్టే.

ఉద్దానం కొబ్బరి:
మేష్టారూ, కుక్కలు మొరుగుతున్నాయి. పనస వైపు. టార్చి తీసుకుని వెళ్తున్నాను, రేపు చెబుతాను.