మంచుకొండలు లేని గోదారికి ఎండాకాలంలో నీళ్ళు ఎక్కడివి?

గట్టుమీద_కుర్రోడు
మా చెల్లి కూతురు ఆరో క్లాసు, పుస్తకంలో నీటి చక్రం బొమ్మ చూపించి అడిగింది, సముద్రం ఆవిరై మేఘమై కొండమీద వానై నదిలోంచి మళ్ళీ సముద్రానికి వెళ్తాయి అని ఉంది కదా, మరి వాన పడని నెలల్లో నది ఎందుకు ఆగిపోదు మావయ్యా అని. గంగకైతే హిమాలయాల్లో మంచు కరుగుతుందని చెప్పొచ్చు, గోదారికి మంచు లేదు కదా. జనవరి ఫిబ్రవరిలో కూడా రాజమండ్రి దగ్గర నీళ్ళు చూస్తూనే ఉంటాం, అవి ఎక్కడివి? ఇంకోటి, నాసిక్ పక్కన గోదారి పుట్టే త్ర్యంబకం దగ్గర సన్నటి ధార చూశాను, అది ఇక్కడికొచ్చేసరికి ఇంత నది ఎలా అయింది? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి, పిల్లకి సరిగ్గా చెప్పాలి.

రాళ్ళూ_మట్టీ
ముందు రెండోదానికి చెప్తాను, అది తెలిస్తే మొదటిది సులువు. నది ఒక చోట పుట్టి అక్కడి నీళ్ళే చివరిదాకా వస్తాయి అనుకుంటాం కానీ అలా జరగదండి. కొండవాలు మీద వాన పడితే ముందు పల్చగా పారుతుంది, మట్టి మెత్తగా ఉన్నచోట చిన్న చిన్న గాళ్ళు కోస్తుంది, ఒకసారి గాడి పడిందంటే పక్క నీళ్ళు కూడా దాన్లోకే వస్తాయి, దాంతో అది ఇంకా లోతు కోసుకుంటుంది, అలా గాళ్ళు కలిసి వాగు, వాగులు కలిసి ఏరు, ఏర్లు కలిసి నది. పడమటి కనుమలు ఎత్తు, పీఠభూమి తూర్పుకి వాలు, అందుకే అరేబియా సముద్రానికి 80 కిలోమీటర్ల దూరంలోనే పుట్టి కూడా గోదారి అటు పోకుండా 1465 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతానికి వచ్చింది.

త్ర్యంబకం దగ్గర వాన బాగానే పడుతుంది, కానీ కనుమలు దాటి తూర్పుకి వస్తే మరాఠ్వాడా అంతా వానచాటు ప్రాంతం, అంటే కనుమలు అడ్డుపడి వాన తక్కువ పడే చోటు, అక్కడ నదికి చేరేది తక్కువ, చేరింది కూడా గంగాపూర్, జాయక్వాడి, మన శ్రీరాంసాగర్ లాంటి డ్యాముల్లో ఆగుతుంది. అసలు గోదారిని గోదారి చేసేది కింద కలిసే ఏర్లు. వార్ధా, వైన్‌గంగ, పెన్‌గంగ కలిసిన ప్రాణహిత ఒక్కటే మొత్తం పరీవాహక ప్రాంతంలో మూడో వంతు, తర్వాత బస్తర్ నుంచి ఇంద్రావతి, ఆ తర్వాత కూనవరం దగ్గర శబరి. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టి ఒడిశా, ఛత్తీస్‌గఢ్, విదర్భ మీదుగా వెళ్తే ఆ వానంతా సరిగ్గా ఈ ఏర్లలోనే పడుతుంది. అందుకే ఆగస్టులో రాజమండ్రి దగ్గర కనిపించే ఎర్ర నీళ్ళలో నాసిక్ వాటా చాలా తక్కువ.

ఇక ఎండాకాలం సంగతి. పడ్డ వానంతా అప్పుడే నదిలోకి ఉరికిరాదు, కొంత నేలలోకి ఇంకుతుంది, మట్టి సందుల్లోంచి, రాతి పగుళ్ళలోంచి మెల్లగా పల్లానికి జరుగుతూ ఏటి గట్టునుంచీ అడుగునుంచీ ఊటగా బయటికి వస్తుంది, కొత్త కుండ చెమర్చినట్టు. కొన్ని నీళ్ళకి వారాలు పడుతుంది, కొన్నిటికి ఏళ్ళు. జనవరిలో వాగులో పారేది చాలావరకు జులై ఆగస్టులో పడి దాక్కున్న వానే. పుస్తకం బొమ్మలో భూమి కింద ఆ బాణం గుర్తు సన్నగా వేస్తారు లేదా అసలు వెయ్యరు, పాపకి పెన్సిల్‌తో అది మీరే లావుగా గీసి చూపించండి.

దాళ్వా_రైతు
మాస్టారు చెప్పింది కరెక్టే కానీ మా డెల్టా వాళ్ళకి ఇంకో ముక్క కూడా ఉందండి. మా దాళ్వా పంటకి, అంటే రెండో కారు వరికి, ఊట నీళ్ళు ఒక్కటే సరిపోవు, జనవరి దాటాక సహజంగా వచ్చే నీళ్ళు పడిపోతాయి, అప్పుడు సీలేరు నీళ్ళే దిక్కు. అక్కడ బలిమెల రిజర్వాయర్లో వానాకాలం నీళ్ళు ఆపి ఉంచుతారు, కరెంటు తీసి వదిలిన నీళ్ళు సీలేరు నుంచి శబరిలోకి, శబరి నుంచి గోదాట్లోకి వస్తాయి. ఆ నీళ్ళు ఆలస్యమైతే శివారు భూముల్లో వంతులేసుకుని తడుపుకోవాల్సి వస్తుంది. అంటే వేసవిలో మీరు చూసే గోదారిలో కొంత భూమి దాచింది, కొంత మనిషి దాచింది.

ఊట కళ్ళారా చూపించాలంటే పాపని నది మధ్య లంకకి తీసుకెళ్ళండి, ఇసక తిన్నె మీద చేత్తో చెలమ తవ్వితే కాసేపటికి అడుగున నీళ్ళు ఊరి తేటగా నిలబడతాయి. నది పైన పారేదొకటే కాదు, ఇసక కింద కూడా నడుస్తూనే ఉంటది. ఆ ఇసక తోడేస్తే ఆ నిలవ పోతుంది, గట్టు పక్క బావులు కూడా దిగిపోతాయి, ఇది మాత్రం అందరూ పట్టించుకోవాలండి.

నీటిలెక్క
ఇవన్నీ సరే, మరి ఏటా వేల టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) సముద్రంలో వృథాగా పోతున్నాయి అంటారు కదా, అవి ఆపితే ఎండాకాలం సమస్యే ఉండదు కదా?

రాళ్ళూ_మట్టీ
ఆ నీళ్ళు ఏడాదంతా సమానంగా రావండి, చాలావరకు జులై నుంచి అక్టోబరు లోపే వచ్చేస్తాయి. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులకి (సెకనుకి అన్ని ఘనపుటడుగులకి) పైగా పోయింది. అదే ధారలో ఒక రోజంతా పారితే 300 టీఎంసీలు, అంటే నాగార్జునసాగర్ ఒక్క రోజులో దాదాపు నిండిపోయేంత, దాన్ని ఎక్కడ ఆపుతారు? కొంత ఆపాలి, తప్పదు, కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయ్యాకే కదా డెల్టా పచ్చబడింది. కానీ వృథా అన్న మాట నాకు నచ్చదు. వరద తెచ్చిన ఒండ్రుతోనే కోనసీమ ఏర్పడింది, కోరింగ మడ అడవులు మంచినీళ్ళు ఉప్పునీళ్ళు కలిసేచోటే బతుకుతాయి, పులస చేప సముద్రంలోంచి ఎదురెక్కి వచ్చేది ఆ ఎర్ర నీళ్ళు చూసుకునే. సముద్రం నుంచి లేచిన ఆవిరిలో దాదాపు పదో వంతే నేల మీదికి వస్తుంది, మిగతాది సముద్రంలోనే కురుస్తుంది. ఆ వచ్చిన వాటాలో మిగిలినదాన్ని తిరిగి చేర్చేది నదులే.

గట్టుమీద_కుర్రోడు
చాలా థాంక్స్ అండి అందరికీ. ఒక్క డౌటు, భూమి దాచుకున్నదంతా బోర్లతో మనమే ముందు లాగేస్తే నదికి ఊట ఏం మిగులుతుంది?

మంజీర_ఒడ్డు
మా మంజీర చూస్తే తెలుస్తుందన్నా, అది కూడా గోదారి ఉపనదే. పైన లాతూరు వైపు వరసగా వానలు సరిగ్గా పడలేదు, దానికి తోడు చెరకు, బోర్లు, 2016 ఏప్రిల్లో లాతూరుకి రైల్లో నీళ్ళు తోలాల్సి వచ్చింది, అదే ఎండాకాలం మంజీర మీదున్న మా సింగూరు డ్యాము కూడా ఎండిపోయింది. వాన తగ్గడం మన చేతిలో లేదు, కానీ భూమిలో నిలవ ఉండి ఉంటే వాగులు ఇంకొన్నాళ్ళు పారేవి. మా దగ్గర చెరువుల్లో పూడిక తీసి నింపిన ఊళ్ళల్లో పక్క బావుల్లో నీళ్ళు పైకొచ్చినయి, పాపకి అది కూడా చెప్పు, ఆ బొమ్మలో చెరువు కూడా గీయమను.

దాళ్వా_రైతు
మా దగ్గర కూడా అంతే, ఏప్రిల్లో కాలవలకి నీళ్ళు ఆపేశాక బావుల్లో మట్టం దిగిపోద్ది, సముద్రం దగ్గర ఊళ్ళల్లో ఎక్కువ తోడితే ఉప్పు తగులుద్ది. జూన్‌లో కాలవ వదిలాక మళ్ళీ తేరుకుంటాయి.