బెల్ ల్యాబ్స్‌లో చివరి నిర్ణయం ఎవరిది?

1984లో అమెరికా టెలిఫోన్ సంస్థ ఏటీ అండ్ టీని విభజించారు. అంతకు ముందు దాని పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్‌లో పరిశోధనను ఎలా నిర్వహించేవారో చదువుతున్నాను. మౌలిక పరిశోధనకు డబ్బు ఏటీ అండ్ టీది. స్థానిక టెలిఫోన్ కంపెనీలు చెల్లించే రుసుము నుంచి వచ్చేది. తయారీకి పనికొచ్చే అభివృద్ధి ఖర్చు ఏటీ అండ్ టీ తయారీ సంస్థ వెస్టర్న్ ఎలక్ట్రిక్‌ది. ఈ రెంటికీ నడుమ, ఏది అభివృద్ధి చేయదగ్గదో పరిశీలించే సిస్టమ్స్ ఇంజనీరింగ్ విభాగం. ఇంతవరకు అర్థమైంది. 1947 డిసెంబరులో ట్రాన్సిస్టర్ పనిచేసింది, 1948లో దాని అభివృద్ధిని ల్యాబ్ ఇంజనీర్ జాక్ మార్టన్‌కు అప్పగించారు. ఆ మధ్య బడ్జెట్ ఎలా చేతులు మారిందో మాత్రం దొరకలేదు. ట్రాన్సిస్టర్ చరిత్రలు తిరగేస్తే దాని ఆవిష్కర్తల్లో ఒకరైన షాక్లీ తగాదాలే ఎక్కువ (చదవడానికి బాగుంటాయి, నా పనికి రావు). కంపెనీ వార్షిక నివేదికల్లో నాకు కనిపించినవి మొత్తాలే.

ఒక అంశాన్ని పరిశోధన నుంచి అభివృద్ధికి మార్చాలంటే చివరి ఆమోదం ల్యాబ్ యాజమాన్యానిదా, ఖర్చు భరించే వెస్టర్న్ ఎలక్ట్రిక్‌దా?